అరవై పళ్ళకు బదులు నలభై

ఇంజన్ పని నేర్చుకుంటాండే పిల్లకాయలు నా షెడ్డు కాడికి వచ్చి, "తాతా, సౌదీలో అన్నేండ్లు ఉండొచ్చినావు కదా, నువ్వు చేసిన గొప్ప పని ఒకటి చెప్పు" అంటాంటారు. గొప్ప పనులు చానానే ఉండాయి. చెప్పి చెప్పి వాటి మీద నాకే విసుగు పుట్టింది. అందుకని ఈసారి ఒక తప్పు సంగతి చెప్తాను. అది యే పెద్ద యంత్రం కాడనో చేసిన తప్పు కాదు. నాలుగు చిన్న చక్రాలు, ఒక సీటు, వెనకాల ఒక చిన్న పెట్రోల్ ఇంజన్, అంతే ఆ బండి. గో-కార్ట్ అంటారు దాన్ని. కూర్చుంటే మన నడుము నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది.

నేను పనిచేసింది హాయిల్‌కు అవతల ఒక గోధుమల ఫారంలో. చుట్టూ ఇసుక, మధ్యలో గుండ్రంగా పచ్చని చేలు. చేను నడిమి నుంచి పొడుగాటి పైపు ఒకటి చక్రాల మీద మెల్లగా తిరుగుతా నీళ్ళు చల్లుతాంటుంది. నీళ్ళేమో పాతాళంలో ఉంటాయి. వాటిని పైకి లాగే డీజిల్ ఇంజన్లు పదకొండు. ఆ పదకొండూ నా చేతి కింద పెరిగిన బిడ్డలే అనుకోండి. టీ తాగుతా కూర్చున్నా సరే, యే బావి ఇంజన్ దగ్గుతాందో, దేనికి ఆయిల్ తగ్గిందో చెవితోనే చెప్పేవాణ్ణి. ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు. సరే, రవ్వంత గొప్ప కోసమే.

మా కఫీల్, అంటే నా వీసా కాగితాలన్నీ ఎవరి పేరు మీద ఉండేవో ఆ ఫారం యజమాని, నన్ను "యా ముహందిస్" అని పిలిచేవాడు. ఇంజనీరూ అని దాని అర్థం. సౌదీలో స్పానర్ పట్టుకున్న ప్రతివాణ్ణీ అట్లనే పిలుస్తారు, అందులో పెద్ద విశేషమేమీ లేదు. కానీ నేను కడపలో తొమ్మిదో తరగతి తప్పి బోరు ఇంజన్ల కాడ చేరినవాణ్ణి. ఆ పిలుపు విన్నప్పుడల్లా నోట్లో బెల్లం ముక్క పెట్టినట్లుండేది. ఇరవై ఏండ్లు విన్నా ఆ తీపి తగ్గలేదు.

ఆయన కూతురు హాయిల్‌లోనే కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతాండేది. ఒక శుక్రవారం తన కారు తానే నడుపుకుంటా మా షెడ్డు కాడికి వచ్చింది. పక్క సీట్లో వాళ్ళ నాయనమ్మ. మగవాళ్ళు పనిచేసే తావుకు ఆడపిల్ల ఒంటరిగా రాకూడదని ముసలామె తోడు. ఆమె షెడ్డు నీడలో చాప పరుచుకొని, గహ్వా అనే అరబ్బు కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా ముందర పెట్టుకొని, ఇంక మా మీద తీర్పులు చెప్పడానికి సిద్ధమైపోయింది.

"యా అమ్, నేనొక బండి కట్టాల. చేసేది నేనే. మీరు వెల్డింగు చేసి పెట్టండి, మిగతాదానికి నా పక్కన ఉండండి" అన్నాది ఆ పిల్ల. యా అమ్ అంటే చిన్నాయనా అని. ఆమెది అచ్చమైన అరబ్బీ, నాది వచ్చీరాని అరబ్బీ. మీకు మన మాటల్లోనే చెప్తాండా.

కాలేజీలో ఆ ఏడు ఆఖరి పరీక్ష అదేనంట. సొంతంగా ఒక బండి కట్టి, లెక్కలు రాసి చూపించి, మైదానంలో మూడు చుట్లు నడపాల. ప్రతి చుట్టులోనూ ఒక మిట్ట ఎక్కి దిగాల. మార్కుల సంగతి అటుంచితే, అసలు సంగతి మా డ్రైవరు చెప్పినాడు నాకు. ఆయనది నిజామాబాద్. నా రూములోనే ఉండేవాడు, రోజూ సాయంత్రం ఇద్దరికీ పాలు పొయ్యని సులేమానీ టీ ఆయనే పెట్టేవాడు.

"గా పిల్లకు రియాద్‌ల ఒక ఫ్యాక్టరీల ట్రైనింగ్ వచ్చిందే అన్నా. మలాజ్‌ల మేనత్త ఇల్లున్నది, ఆడుండి పోయి రావొచ్చు. బాబా ఏమన్నడంటే, బండి నా కండ్ల ముంగట నడవాలె, అప్పుడు పంపుత. నడవకపోతే ఇంజనీరింగూ గింజనీరింగూ బందు, మన ఆఫీసుల కూసోని కాయిదాలు సూసుకో అన్నడు."

బాబా అంటే మా కఫీలే. అదీ కథ. నాలుగేండ్ల చదువు ఒక పక్క, ఆ మిట్ట ఒక పక్క. ఆ పిల్ల ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. కానీ ఇనుప గొట్టం కోసేటప్పుడు ఆమె పెదవి పంటి కింద పెట్టుకొనే తీరు చూస్తే నాకు తెలిసిపోయేది.

పాత నీళ్ళ యంత్రం ఒకటి మూలన పడి ఉంటే దాని గొట్టాలతో ఫ్రేము కట్టినాము. ఇంజన్ కొత్తది, చిన్న నీళ్ళ పంపుకు వాడే రకం. ఇంక గేర్ల కాడికి వచ్చినాము. గేర్లంటే కారులో మాదిరి పెట్టె ఏమీ ఉండదు. ఇంజన్ కాడ ఒక చిన్న పళ్ళచక్రం, వెనక ఇరుసుకు ఒక పెద్ద పళ్ళచక్రం, రెండింటికీ నడుమ చైను. సైకిల్ మాదిరే. ముందు చక్రానికి పది పళ్ళు. వెనకదానికి ఎన్ని పెట్టాలనేదే ప్రశ్న.

"ఏమీ పర్వాలేదమ్మా, రెండు మూడు మార్చి చూసి, ఇంజన్ చప్పుడు విని చెప్పేస్తా" అన్నాను నేను.

ఆమె నవ్వి, చాక్‌పీసు తీసుకొని టైరు మీద ఒక గీత గీసింది. ఆ గీత నేలకు ఆనిన తావ ఒక గుర్తు పెట్టి, బండిని మెల్లగా తోసి, గీత మళ్ళా నేలకు ఆనిన తావ ఇంకో గుర్తు పెట్టింది. మధ్యలో టేపు పెట్టి కొలిచింది. మీటరుకు రెండు వేళ్ళ వెడల్పు ఎక్కువ.

"ఇంజన్ నిమిషానికి మూడువేల ఆరునూర్లు తిరుగుతుంది. వెనక అరవై పళ్ళు పెడితే, ఇంజన్ ఆరు చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే చక్రం నిమిషానికి ఆరునూర్లు. ఒక్కో చుట్టుకు మీటరు పైన. గంటకు ముప్పై ఏడు కిలోమీటర్లు. ఇది చాలు నాకు."

"ముప్పై ఏడేనా? నలభై పళ్ళు పెట్టు, యాభై దాటుతుంది" అన్నాను.

"దాటుతుంది. మిట్ట ఎక్కదు." ఆమె క్లచ్ విప్పి చూపించింది. దాంట్లో చిన్న చిన్న బిళ్ళలు ఉంటాయి. ఇంజన్ ఒక వేగం అందుకున్నాకనే అవి బయటికి తన్నుకొని డ్రమ్మును బిర్రుగా పట్టుకుంటాయి. అంతవరకూ జారుతానే ఉంటాయి. జారితే వేడి, వేడి ముదిరితే పొగ. "మిట్ట కాడ బండి నెమ్మదిస్తుంది కదా. అప్పుడు కూడా ఇంజన్ వేగం పడిపోకూడదు. అరవై ఉంటే పడిపోదు. నలభై అయితే పడిపోతుంది."

చాప మీది నుంచి ముసలామె అడిగింది, ఏమి గొడవ అని. మనవరాలు ఆమెకు తగినట్లు చెప్పింది. ముసలామె తల ఊపింది. "మా నాయన కాలంలో ఒంటెలతోనే బావి నీళ్ళు లాగేటోళ్ళము. తొందరగా తొట్టి నిండుతుందని ఒకాయన పెద్ద చేద కట్టినాడు. ఒంటె నాలుగడుగులేసి కూర్చునేసింది. సాయంత్రం దాకా లేవలేదు." చెప్పి ఒక ఖర్జూరం నోట్లో వేసుకుంది. నేను నవ్వినాను. మనకు అప్పుడది ముసలమ్మ కబురు, అంతే.

ఆ పిల్ల మాత్రం పట్టణంలో లేత్ పని చేసే పాకిస్తానీ మేస్త్రీ కాడ రెండు చక్రాలు కోయించింది. అరవై పళ్ళది ఒకటి, నలభై పళ్ళది ఒకటి. నలభైది ఎందుకంటే, పరీక్ష అయినాక చదును నేల మీద పెట్టి చూసి, తేడా రాసుకుంటుందంట. క్లచ్ కూడా ఒకటి ఎక్కువ కొనిపెట్టింది. అంత ముందుచూపు ఉన్న పిల్ల.

అరవై పెట్టి ఫారంలో నడిపి చూసినాము. బండి బాగానే పోయింది. మిట్ట మాదిరి ఉన్న తావులన్నీ ఎక్కింది. కానీ ఆ ఇంజన్ చప్పుడు! యా అల్లా, గొంతు చించుకొని ఏడ్చే పసిబిడ్డను ఎవరూ ఎత్తుకోనట్లు! నాకు ఒళ్ళంతా జలదరించింది. ముప్పై ఏండ్లు డీజిల్‌తో బతికినవాణ్ణి నేను. డీజిల్ ఇంజన్ తగ్గు వేగంలోనే బలం చూపిస్తుంది, గుమ్మున తిరుగుతుంది. అట్లా అరిచిందంటే చావుకు దగ్గరపడిందని లెక్క.

"ఇంజన్ చచ్చిపోతుంది తల్లీ" అన్నాను.

"చచ్చిపోదు యా అమ్. పెట్రోల్ ఇంజన్ అట్లనే అరుస్తుంది. దాని బలమంతా ఆ అరుపులోనే ఉండాది."

తల ఊపినాను. లోపల మాత్రం ఒప్పుకోలేదు. పుస్తకం పట్టుకున్న పిల్ల, స్పానర్ పట్టుకున్న నేను. ఇంజన్ బాధ ఎవరికి తెలుస్తుంది?

పరీక్షకు ముందురోజు ఆమె కాలేజీకి పోయింది, కాగితాలు ఇవ్వడానికి. బండిని పికప్పులో ఎక్కించే పని నాది. సాయంత్రం అసర్ నమాజు చేసుకొని వచ్చి, బండి ముందర కూర్చున్నాను. నలభై పళ్ళ చక్రం బల్ల మీద కనపడింది. చెయ్యి దానంతట అదే పోయింది. ఆమె మేలు కోసమే చేస్తాండానని నాకు నేను చెప్పుకున్నాను. అరవై విప్పి నలభై బిగించినాను. చైనులో పది లింకులు తీసి సరిచేసినాను.

డ్రైవరు చూసినాడు. "ఏం జేస్తున్నవే అన్నా? గా పిల్లకు జెప్పినవా?"

"నీకెందుకుప్పా? రేపు చూసి ఆమే సంబరపడుతుంది."

"ఆమె లెక్క గట్టింది గదా."

"లెక్క కాగితం మీద ఉంటుంది. ఇంజన్ నా చెవిలో ఉంటుంది. నువ్వు స్టీరింగు చూసుకో."

ఎంత పొగరు చూడండి ఆ మాటలో. చదును దారిలో ఒక చుట్టు నడిపి చూసినాను. బండి వేగంగా పోయింది, ఇంజన్ హాయిగా గుమ్మంటాంది. నా మనసు నిండిపోయింది. రేకుతో నేనే చేసిన చైను మూత పెట్టి రెండు బోల్టులు బిగించినాను. ఆ మూత లేకుంటే ఆమె చూసి ఉండేది. మూత కింద ఏముందో ఆమెకు అక్కరలేదు, ఎందుకంటే బిగించింది నేను. ఆ పిల్ల నన్ను అంత నమ్మింది.

గురువారం పొద్దున మైదానం. ఏడెనిమిది బండ్లు వచ్చినాయి. కఫీల్ నల్లద్దాలు పెట్టుకొని, చేతిలో తస్బీహ్ పూసలు తిప్పుకుంటా తాడు అవతల నిలబడినాడు. ముసలామె కారు అద్దం దించుకొని కూర్చుంది. మా పిల్ల తలగుడ్డ మీద హెల్మెట్ పెట్టుకొని, నాకు చెయ్యి ఊపి బండెక్కింది.

మొదటి చుట్టు చదును మీద అందరికంటే ముందుంది. కఫీల్ ముఖంలో నవ్వు చూసినాను. నేనైతే గాల్లో తేలిపోతాండా. మిట్ట కాడ బండి రవ్వంత మందగించింది కానీ ఎక్కేసింది. ఇంజన్ ఒకే శ్రుతిలో, మెత్తగా, గుమ్మని పలుకుతాంది. ఆహా, ఎంత నెమ్మదిగా ఉంది అనుకున్నాను. నా చెవికి అది సుఖంగా వినపడింది పిల్లకాయలూ. అది క్లచ్ జారుతాండే చప్పుడు. ఇంజన్ ఊరికే తిరుగుతాంది, చక్రానికి బలం పోవడంలేదు. ముప్పై ఏండ్ల చెవి, దానికి ఆ మాత్రం తెలియలేదు.

రెండో చుట్టులో మిట్ట సగంలో కాలిన వాసన వచ్చింది. తర్వాత పొగ. బండి నిలబడిపోయి, మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఆమె బ్రేకు తొక్కి పట్టుకుంది. ఎవరో పరిగెత్తుకుంటా వచ్చి మంటలార్పే తెల్లపొడి బండి నిండా కొట్టినారు. నలుగురు తోసి బండిని పక్కకు లాగేసినారు. మూడో చుట్టు లేదు.

హెల్మెట్ తీసినప్పుడు ఆ పిల్ల ముఖం మీద కూడా ఆ తెల్లపొడి ఉంది. వాళ్ళ సారు వచ్చి, ఎంత పెట్టినావు నిష్పత్తి అని అడిగినాడు. "ఆరుకు ఒకటి సార్" అన్నాది. ఆయన భుజాలెగరేసి, ఆరైతే ఇట్లా కాకూడదే అని కాగితం మీద ఏదో రాసుకొని పోయినాడు.

కఫీల్ మా కాడికి వచ్చినాడు. కూతుర్ని అడగలేదు, నన్ను అడిగినాడు. "యా ముహందిస్, తప్పు యాడ?"

అందరూ నా వైపు చూస్తాండారు. ముసలామె కూడా. ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. పని పోతుందని కాదు నాకు భయం. ఆ పిలుపు పోతుందని భయం.

"లెక్క ఒకసారి చూసుకోవాల బాబా" అన్నాను.

కఫీల్ కూతురి వైపు తిరిగి, "ఖలాస్" అన్నాడు. అయిపోయిందని. గొంతు పెంచలేదు, కోపం కూడా లేదు. ఆ పిల్ల తల వంచుకొని పోయి కారులో కూర్చుంది. ఛీ, నా బతుకు అనుకున్నాను.

ఆ సాయంత్రం డ్రైవరు టీ పెట్టినాడు. గ్లాసు ఒకటే ఉంది బల్ల మీద. ఆయన నా వైపు చూడకుండా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బయటికి పోయినాడు. అన్నేండ్లలో ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు, ఆరోజు కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

శుక్రవారం పొద్దున్నే షెడ్డు ముందర ఆమె కారు ఆగింది. నాయనమ్మ చాప పరుచుకుంది. ఆ పిల్ల నా వైపు వస్తాంటే, తెలిసిపోయిందిలే అనుకున్నాను. తెలియలేదు. ఆమె చేతిలో చాక్‌పీసు, టేపు, కాగితాలు ఉండాయి. నేల మీద కూర్చొని మళ్ళా టైరు మీద గీత గీసింది. బండిని తోసింది. కొలిచింది. మళ్ళా కొలిచింది. కాగితంలో అంకెలన్నీ మొదటి నుంచి వేసుకుంటా వచ్చింది. కండ్లు ఉబ్బి ఉండాయి.

"యా అమ్, నాలుగుసార్లు చూసినాను. నేను యాడ తప్పినానో మీరన్నా చెప్పండి" అన్నాది.

పిల్లకాయలూ, నన్ను జీవితంలో చానామంది చానా మాటలు అన్నారు. ఏ మాటా నన్ను అంత కోయలేదు. నా తప్పును ఆమె తన లెక్కలో వెతుక్కుంటాంది. స్పానర్ తీసుకొని మూత బోల్టులు రెండూ విప్పినాను. మూత పక్కన పెట్టి, "లెక్కపెట్టమ్మా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. ఒక పంటికి చాక్‌తో గుర్తు పెట్టి, వేలితో ఒక్కొక్కటీ తాకుతా పోయింది. ముప్పై దాటినాక వేలు నెమ్మదించింది. నలభై కాడ గుర్తు మళ్ళా వచ్చేసింది. వేలు అక్కడే ఉండిపోయింది.

"ఎందుకు?" అన్నాది.

"ఇంజన్ ఏడుస్తాంటే చూడలేకపోయినాను తల్లీ."

ఆమె కాగితాలన్నీ మడిచి పెట్టుకుంది. "నన్ను ఒక్క మాట అడగకపోయినారా?" అన్నాది. అంతే.

ముసలామె చాప మీద నుంచి అన్నీ వింటాంది. "నువ్వేనా పెద్ద చేద కట్టింది?" అన్నాది నాతో. నవ్వలేదు. "ఒంటెను తిట్టుకుంటా కూర్చున్నాము నిన్నటి నుంచి."

నేను చెయ్యి తుడుచుకొని, "మీరు అరవై బిగించుకోండి. నేనిప్పుడే వస్తా" అని కఫీల్ ఇంటి వైపు నడిచినాను.

శుక్రవారం జుమా నమాజు అయినాక ఆయన మజ్లిస్, అంటే అతిథులు కూర్చునే గది నిండా బంధువులు ఉంటారు. పొద్దున్నే వచ్చే పెద్దమనుషులు కూడా ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఆరోజు ఐదుమంది ఉండారు. డ్రైవరు గహ్వా కెటిల్ పట్టుకొని చిన్న గిన్నెల్లో పోస్తాండాడు. అతిథుల ముందర పనివాడు సొంత సంగతి ఎత్తడం మర్యాద కాదు. ఆయన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పొచ్చు. కానీ ఆ పిల్ల మీద తప్పు అందరి ముందరా పడినప్పుడు నాది చాటున ఎట్లా చెప్పేది?

గుమ్మం కాడ చెప్పులు విడిచి నిలబడి, "బాబా, నిన్న నేను మీకు అబద్ధం చెప్పినాను" అన్నాను.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"లెక్క ఆమెది సరిగ్గా ఉండాది. అరవై పళ్ళు పెట్టమన్నాది. నేను ఆమెకు చెప్పకుండా నలభై పెట్టినాను. మీరడిగితే ఆమె మీదికి తోసినాను."

కఫీల్ తస్బీహ్ తిప్పడం ఆపినాడు. "నువ్వు చేస్తివా? ఎందుకు?"

"నాకే తెలుసనుకున్నాను బాబా."

"నువ్వు ముహందిస్‌వి కదా."

"కాదు బాబా. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి. ఈ ఇంట్లో ముహందిస్ ఒక్కరే ఉండారు. షెడ్డు కాడ ఉండాది ఆమె."

కఫీల్ చేతిలో గిన్నెను అటూ ఇటూ ఆడించి డ్రైవరుకు ఇచ్చేసినాడు. ఇంక చాలు అని చెప్పడానికి అక్కడ అట్లా చేస్తారు. గహ్వాకు చాలన్నాడో నాకు చాలన్నాడో తెలియక నేను అట్లనే నిలబడినాను. గిన్నె అందుకుంటా డ్రైవరు నన్ను ఒకసారి చూసినాడు. ఆ చూపులో నా టీ గ్లాసు నాకు తిరిగి వచ్చేసింది.

"అసర్ తర్వాత కుంట కట్ట కాడికి తెమ్మను బండిని" అన్నాడు కఫీల్.

ఫారంలో నీళ్ళు నిలవ చేసే పెద్ద కుంట ఒకటి ఉంది. దాని మట్టికట్ట మీదికి ట్రాక్టర్లు ఎక్కే ఏటవాలు దారి. కాలేజీ మైదానంలో మిట్ట దాని ముందర ఒక లెక్కే కాదు. ఆ పిల్ల అప్పటికి కొత్త క్లచ్ వేసి, అరవై పళ్ళ చక్రం బిగించి, చైను సరిచేసి పెట్టుకొని ఉంది. నన్ను చెయ్యి వెయ్యనీలేదు. నేనూ అడగలేదు.

ఇంజన్ మొదలైంది. అదే అరుపు, అదే ఏడుపు. నాకు పండ్లు జివ్వుమన్నాయి. బండి కట్ట కిందికి పోయి, తిరిగి, ఏటవాలు ఎక్కింది. అరుపు రవ్వంత కూడా తగ్గలేదు. పైకి పోయింది. దిగింది. మళ్ళా ఎక్కింది. మూడు చుట్లు చాలు, ఆమె పది తిరిగింది. పొగ లేదు, వాసన లేదు. ముసలామె కారులో నుంచి చెయ్యి బయట పెట్టి తలుపు మీద దరువేస్తాంది. డ్రైవరు ఈల వేయబోయి కఫీల్‌ను చూసి ఆపుకున్నాడు. నేను మాత్రం ఆ అరుపు వింటా కండ్లు తుడుచుకున్నాను. దాని బలమంతా దాంట్లోనే ఉందని ఆ పిల్ల ఎప్పుడో చెప్పింది కదా.

కఫీల్ చానాసేపు చూసినాడు. కూతురు బండి దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన ఆమె భుజం మీద మట్టి దులిపి, డ్రైవరు వైపు తిరిగి, "ఆదివారం రియాద్ పోవాల. మలాజ్‌లో మా చెల్లెలి ఇంట్లో దించి రా" అన్నాడు.

నన్ను ఆయన పనిలోనుంచి తీసేయలేదు. అకామా, అంటే ఆ దేశంలో ఉండేదానికి ఇచ్చే కార్డు, మామూలుగానే కొత్తది చేయించినాడు. కానీ ఆరోజు నుంచి నన్ను ముహందిస్ అని పిలవలేదు. సదీక్ అన్నాడు, అంటే స్నేహితుడా అని. మంచి మాటే. అయినా మొదట్లో ఆ పిలుపు నాలుక మీద ఉప్పు మాదిరి ఉండేది. పాత పిలుపు పోవాల్సిన చోటికే పోయింది. సెలవులకు కూతురు ఇంటికి వస్తాంటే గేటు కాడి నుంచే "ముహందిసా వచ్చింది" అని కేకేసేవాడు.

ఆ పిల్ల నాతో మాట్లాడటం మానలేదు. వచ్చినప్పుడల్లా షెడ్డుకు వచ్చేది, పక్కన కూర్చొని పని చేసేది, నవ్వేది. ఒకటే మారింది. నేను బిగించిన ఏ యంత్రమైనా ముట్టుకునే ముందు మూత విప్పి, చాక్‌తో గుర్తు పెట్టి, పళ్ళు తానే లెక్కపెట్టుకునేది. కోపంతో కాదు. అది ఆమె పనితనం అయిపోయింది. మంచి పనితనమే అది, మీరూ నేర్చుకోండి. నాకు మాత్రం ఆమె వేలు ఒక్కో పంటి మీదికి పోతాంటే ప్రతిసారీ మెడ కింద చెమట పట్టేది. నేను దానికి తగినవాణ్ణే అని గమ్మున నిలబడేవాణ్ణి.

అట్లా మూడేండ్లు గడిచినాయి. కండ్లు మసకబారుతాంటే ఇంక చాలనుకొని ఊరికి వచ్చేసేదానికి ఎగ్జిట్ వీసా పెట్టినాను. బయల్దేరే వారంలో కూడా గోధుమలు పైకెత్తే యంత్రం చైను మార్చి, చక్రం కొత్తది బిగించే పని చేస్తాండా. ఆ పిల్ల రియాద్ నుంచి నన్ను చూసిపోవడానికి వచ్చింది. నాయనమ్మ అప్పటికి లేదు. చాప మాత్రం షెడ్డులోనే చుట్టి పెట్టి ఉంది.

యంత్రం కాడికి వచ్చి, అలవాటుగా స్పానర్ తీసుకొని మూత బోల్టు మీద పెట్టింది. నేను అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి నిలబడినాను. ఆమె ఆగింది. నా వైపు చూసింది.

"ఎన్ని పళ్ళు యా అమ్?"

"యాభై నాలుగు" అన్నాను.

ఆమె స్పానర్ తీసి పెట్టెలో పెట్టేసింది. చేతులు తుడుచుకొని, "సరే, గహ్వా తాగుదాం రండి" అన్నాది.

తాగినాము. ఇంటి సంగతులు, కడప సంగతులు మాట్లాడుకున్నాము. ఆమె కారు గేటు దాటిపోయేదాకా చెయ్యి ఊపుతా నిలబడి, షెడ్డు లోపలికి వచ్చినాను. పెట్టెలో నుంచి స్పానర్ తీసినాను. మూత విప్పి, ఒక పంటికి చాక్‌తో గుర్తు పెట్టి, కండ్లు సరిగా కనపడక మొహం దగ్గరగా పెట్టుకొని, వేలితో ఒక్కొక్కటీ తాకుతా మొదటి నుంచి లెక్కపెట్టినాను.

యాభై నాలుగే.